బొంతలో ఐసు ముక్క

నలభై ఏళ్ళుగా బొంతలు కుడుతున్నదాన్ని. ఎవరింట్లో ఎవరికి కాళ్ళు చల్లబడతాయో, ఎవరు దుప్పటి మొత్తం లాగేసుకుని పక్కవాళ్ళని వణికిస్తారో ఈ వీధి సంగతి నాకు తెలిసినట్టు డాక్టరుగారికి కూడా తెలియదు. అలాంటి నన్ను మూడో తరగతి గదిలో, ముప్పై రెండు మంది పిల్లల ముందు నిలబెట్టి బొంత అంటే ఏమిటో నేర్పించారు. నేర్పించడం వరకూ బాగానే ఉంది. దానికి ముందు నేను చేసిన పనే చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను. నేను చెప్పకపోతే ఆ కటింగ్ షాపు పెద్దాయన తనకి తోచినట్టు చెప్పుకు తిరుగుతాడు. ఆయన దగ్గరికి రోజుకి ఇరవై తలలు వస్తాయి, ఒక్కో తలకి రెండేసి చెవులు.

మా ఇంట్లో అయిదుగురం. మా ఆయన గడియారాలు బాగుచేసేవాడు, ఇప్పుడు చూపు ఆనక ఊరుకున్నాడు. మావాడు బస్సు నడుపుతాడు. కోడలు బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణంలో పనిచేస్తుంది. ఇక మా మనవరాలు, ఎనిమిదేళ్ళది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేదని దాన్ని పిచ్చుక అని పిలిచాం, ఇప్పటికీ అదే పిలుపు. చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో పొద్దున్నే సభ మొదలవుతుంది. ఈ రోజు చలి నిన్నటికంటే ఎక్కువా తక్కువా అన్నదే చర్చ. మా ఆయన తన చెవులు పట్టుకుని చూసి ఎక్కువ అంటాడు. మావాడు బస్సు అద్దం మీద పట్టిన ఆవిరిని బట్టి తక్కువ అంటాడు. కోడలు ఆరని బట్టల లెక్క చెబుతుంది. నేను నా మోకాళ్ళని అడిగి చెబుతాను. పిచ్చుక కూడా ఏదో చెబుతుంది కానీ ఏం చెబుతుందో ఎవరూ వినరు. నాలుగు పెద్ద గొంతుల మధ్య అయిదోది చిన్నదైతే ఎలా వినబడుతుంది?

ఈ చలికాలం బడిలో దాని తరగతికి కొత్త టీచరమ్మ వచ్చింది. సన్నగా, గబగబా నడిచే పిల్ల. పుస్తకం తెరవకుండానే పాఠం చెబుతుందని, పిల్లల చేత అన్నీ చేతులతో చేయిస్తుందని పేరు. సెలవులకి ముందు వారమంతా చలికాలం సైన్సు అని పెట్టింది. రోజుకొక పని. దేనికైనా ఇంట్లో ఉన్న వస్తువులే వాడాలి. చివరి పని ఐసు పందెం. చిన్న డబ్బాలో ఐసు ముక్క ఇస్తారు, దాన్ని కరగకుండా కాపాడే పెట్టె పిల్లలే తయారుచేసుకోవాలి. ఎవరి ఐసు అందరికంటే చివర కరిగితే వాళ్ళకి బడిలో గోడకి ఉన్న థర్మామీటరు సెలవులన్నాళ్ళూ ఇంటికి తీసుకెళ్ళనిస్తారు. చెక్క పలక మీద బిగించిన గాజుగొట్టం, అందులో ఎర్ర గీత. రోజూ పొద్దున చూసి ఎన్ని డిగ్రీలో రాసుకు రావాలి.

ఆ గొట్టం పేరు వినగానే పిచ్చుక కళ్ళు దీపాలయ్యాయి. నాకు మాత్రమే ఒక సంగతి చెప్పింది.

"అది మనింట్లో ఉంటే నేను చెప్పిందే లెక్క నానమ్మా. తాతయ్య చెవులు, నీ మోకాళ్ళు ఏవీ చెల్లవు. అందరూ నన్నే అడగాలి."

చూడండి, పిల్లలు బొమ్మలు అడుగుతారు, మిఠాయిలు అడుగుతారు. ఇది అడిగింది తన మాట వినమని.

కానీ ఆ వారం దానికి మా ఇల్లే శత్రువైంది. మొదటి రోజు చక్కెర బిళ్ళలు పేర్చి మంచు ఇల్లు కట్టమన్నారు. పిచ్చుక రెండు గంటలు నాలుక బయటపెట్టి మరీ కట్టింది, గుండ్రంగా, పైన కప్పుతో సహా. మర్నాడు పొద్దున చూపు ఆనని మా ఆయన టీలోకి రెండు బిళ్ళలు లాగాడు. లాగిన రెండూ గుమ్మం దగ్గరివే. ఇల్లు కూలి బల్ల మీద కుప్పయింది. టీ మాత్రం బాగుందన్నాడు. తర్వాత రోజు ఉప్పునీళ్ళలో దారం వేలాడదీసి మంచుపూలలాంటి ఉప్పు పలుకులు పూయించాలన్నారు. పిచ్చుక గాజు సీసా వంటింటి కిటికీలో పెట్టి వెళ్ళింది. సాయంత్రం కోడలు ఎవరో ఉప్పునీళ్ళు కలిపి మరిచిపోయారనుకుని, వృథా ఎందుకని ఉడికే కూరలో పోసింది. దారం కూడా అందులోకే పోయింది. ఆ రాత్రి భోజనంలో మావాడికి దారం దొరికింది, తీసి కంచం పక్కన పెట్టాడు. అలా తరగతి గోడ మీద అందరి పేర్ల పక్కనా నీలం నక్షత్రాలు వచ్చాయి, మా పిచ్చుక పేరు పక్కన ఉత్తి గోడే మిగిలింది.

ఆ ఇంట్లో దాని సామాను మీద చెయ్యి వేయనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ మాట నేనే పైకి అన్నాను కూడా, అందరి ముందూ, కాస్త మెడ నిక్కించి.

ఐసు పందేనికి ముందు సాయంత్రం పిచ్చుక వచ్చి నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మందమైన బొంత ముక్క కావాలంది. దేనికని అడిగితే రహస్యం అంది. ఇంట్లో ఎవరికీ చెప్పదట, చెబితే పాడుచేస్తామట. బొమ్మకి పరుపు కాబోలనుకున్నాను. ఏడు పొరల ముక్క ఒకటి ఉంది, లోపల పాత ఉన్ని కోటు గుడ్డ, మధ్యలో దూది. దాన్ని ఇచ్చి, ఇది కప్పుకుంటే రాయి కూడా వెచ్చబడుతుంది అన్నాను. అది నా వంక అదోలా చూసి, ఏదో చెప్పబోయి మానేసింది. అప్పుడే అడిగి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

మర్నాడు శుక్రవారం. ఖాళీగా ఉన్న పెద్దలు ఎవరైనా సాయానికి రావచ్చని టీచరమ్మ కబురు పెట్టింది. వచ్చింది ముగ్గురం. నేను, కటింగ్ షాపు పెద్దాయన, ఒక పిల్ల మేనత్త. పెద్దాయన మనవడు కూడా అదే తరగతి. వాడి బుగ్గలు పెద్దవి, అందుకని అందరూ బుగ్గలు అనే పిలుస్తారు. మాట తక్కువ, పని ఎక్కువ. అన్ని పనుల్లోనూ నక్షత్రం తెచ్చుకున్నవాడు వాడే.

తొమ్మిదింటికి ఐసు పంచారు. ఒక్కో ముక్క మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. పిల్లలు డబ్బాలని తమ పెట్టెల్లో పెట్టి మూసి, కిటికీ పక్క పొడుగు బల్ల మీద వరసగా పేర్చారు. ఒకళ్ళు కాగితాలు కుక్కారు, ఒకళ్ళు గడ్డి, ఒకళ్ళు చిరిగిన సాక్సులు. బుగ్గలు పెట్టెలో ఏముందో చూసి నేను ముక్కు మీద వేలేసుకున్నాను. జుట్టు. వాళ్ళ తాత షాపులో ఊడ్చిన జుట్టంతా సంచిలో పోసుకొచ్చి పెట్టె నిండా నింపాడు. నల్లది, తెల్లది, రంగేసింది. ఆ పెట్టెలో మా ఆయన జుట్టు కూడా ఉండే ఉంటుంది.

పందెం నియమం ఒక్కటే. పెట్టె మూత ఎవరూ తీయకూడదు. గంట గంటకీ టీచరమ్మ ఒక్కో పెట్టెని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తుంది. లోపల టకటకమంటే ఐసు ఉన్నట్టు. బుడబుడమంటే అంతా నీరైనట్టు.

మొదటి గంటకి అన్నీ టకటకమన్నాయి. తర్వాత టీచరమ్మ పిల్లల్ని తీసుకుని, గడ్డి మీద పేరుకున్న మంచుని భూతద్దంతో చూపించడానికి ఆవరణలోకి వెళ్ళింది. పెట్టెలకి కాపలా మేము. మేనత్త ఫోనొచ్చిందని వరండాలోకి పోయింది. పెద్దాయన చిన్నపిల్లల కుర్చీలో ఎలాగో ఇమిడి నిద్రపోయాడు. కుర్చీలో కూర్చోగానే కళ్ళు మూసుకోవడం ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళ అలవాటు, ఇన్నేళ్ళకి ఆయనకీ అంటుకుంది.

నేను బల్ల పక్కనే తిరుగుతున్నాను. పిచ్చుక పెట్టె చెప్పుల అట్టపెట్టె. దాని మూత కింద నుంచి ఒక గుడ్డ మూల తొంగిచూస్తోంది. నీలం మీద తెల్ల దారం, జంటకుట్టు. నా కుట్టు నేను గుర్తుపట్టనా?

మూత కొంచెం ఎత్తి చూశాను. నా బొంత ముక్కని ఐసు డబ్బాకి చుట్టచుట్టి, పసిబిడ్డకి చుట్టినట్టు చుట్టింది. ఐసుకి బొంత. పిల్లది అమాయకంగా, మందమైనదైతే మంచిదనుకుని, చలిలో ఉండాల్సిన దాన్ని పొయ్యి పక్కన పెట్టినట్టు పెట్టింది. ఇంకో అరగంటలో అది నీరైపోతుంది, థర్మామీటరు పోతుంది, నాలుగు గొంతుల మధ్య దాని గొంతు అలాగే ఉండిపోతుంది. రాయిని కూడా వెచ్చబెడుతుందని నేనే కదా చెప్పి ఇచ్చాను.

నియమం గుర్తుంది. అబద్ధం చెప్పను, బాగా గుర్తుంది. కానీ ఎదురుగా పిల్ల నూతిలో పడుతుంటే నియమం చదువుకుంటూ కూర్చోలేం కదా. బొంత ఊడదీశాను. డబ్బాని పెట్టెలో ఒంటరిగా ఉంచి, చల్లగాలి తగలాలని మూత కొంచెం వారగా పెట్టాను. హాయిగా ఊపిరి పీల్చుకో అని ఐసుతో అన్నాను కూడా.

ఇక చేతిలో బొంత మిగిలింది. ఎక్కడ పెట్టను? నా సంచి చాలా చిన్నది. పక్కనే బుగ్గలు పెట్టె.

ఇక్కడ కూడా అబద్ధం చెప్పను. నాకు బుద్ధి పక్కదారి పట్టింది. వాడికి అన్ని నక్షత్రాలు ఉన్నాయి. ఒక్క థర్మామీటరు రాకపోతే కొంపలేమీ మునగవు. బొంతని వాడి పెట్టె చుట్టూ రెండు చుట్లు చుట్టి, కొసలు కిందికి దోపాను. కరిగి చావు అని మనసులో అనుకున్నాను. పైకి మాత్రం, చలిగా ఉంది పాపం, అన్నాను. పెద్దాయన నిద్రలోనే అవును అన్నాడు.

పిల్లలు తిరిగొచ్చారు. ముక్కులు ఎర్రగా, చేతులు తడిగా, అందరూ ఒకేసారి మాట్లాడుతూ, పెట్టెల వంక ఎవరూ పరీక్షగా చూడలేదు. పదకొండింటికి టీచరమ్మ ఆడించి చూస్తే పిచ్చుక పెట్టె ఇంకా టకటకమంది, కానీ సన్నగా. బుగ్గలు పెట్టెకున్న గుడ్డ వాడే చుట్టుకున్నాడనుకుంది కాబోలు, అడగలేదు. నేను చిన్నగా నవ్వుకున్నాను. పన్నెండింటికి మళ్ళీ ఎత్తింది. బుడబుడ.

గడ్డి పెట్టె ఉంది. సాక్సుల పెట్టె ఉంది. పాత వార్తాపత్రికల పెట్టె కూడా ఉంది. తరగతి మొత్తంలో ముందుగా నీరైంది మాదే. టీచరమ్మ బుగ్గలు పెట్టె ఎత్తింది. రాయి ఆడినట్టు టక్కుటక్కుమంది. ఈసారి దాన్ని పైకెత్తినప్పుడు అందరూ చూశారు, చుట్టూ ఉన్న నీలం గుడ్డని.

పిచ్చుక లేచి తన పెట్టె మూత తీసింది. లోపల చూసింది. తర్వాత బుగ్గలు పెట్టె వైపు చూసింది. నెమ్మదిగా, గది చివరిదాకా వినబడేలా అంది.

"నా బొంత దొంగిలించాడు."

బుగ్గలు లేచి నిలబడ్డాడు. వాడికి మామూలుగానే మాట తక్కువ, ఇప్పుడు అసలే పోయింది. వాడి బుగ్గలు వణకడం మొదలుపెట్టాయి. పిల్లలు గుసగుసలాడారు. పెద్దాయన కుర్చీలోంచి లేవబోతే కుర్చీ కూడా ఆయనతో పాటు లేచింది. దాన్ని విదిలించుకుంటూ, మా మనవడు జుట్టు తప్ప ఇంకేం తేలేదమ్మా, సంచి నేనే కట్టాను, అంటున్నాడు. గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా ఉంది.

ఆ సమయంలో పిచ్చుక నా వైపు తిరిగింది.

"నానమ్మా, నువ్విక్కడే ఉన్నావుగా. చూశావా?"

"చూశాను."

"ఎవరు తీశారు?"

ముప్పై రెండు జతల కళ్ళు. ఎవరో తెలియదంటే సరిపోయేది. కానీ వాడి బుగ్గ మీద నుంచి ఒక చుక్క జారి జుట్టు పెట్టె మీద పడింది.

"నేనే తీశాను. నేనే వాడి పెట్టెకి చుట్టాను."

పిచ్చుక ఏడవలేదు, అరవలేదు. అరిస్తే బాగుండేది. నా వంక కాసేపు చూసి, "నువ్వు కూడానా" అంది. అంతే. వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుని పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టింది, చెక్కిన పెన్సిల్‌నే.

టీచరమ్మ నన్ను తిట్టలేదు. మామ్మగారూ, ఎందుకు తీశారు, అని అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. నేను చెప్పాను. బొంతలో వేడి ఉంటుంది, ఐసుకి వేడి పడదు, దీనికి చదువు ఎందుకు, ఎవరినైనా అడగండి. టీచరమ్మ పిల్లల్నే అడిగింది. బొంతలో వేడి ఉందనేవాళ్ళు చేతులెత్తండి అంటే సగం పైన చేతులు లేచాయి. పెద్దాయన చెయ్యి కూడా లేచింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

టీచరమ్మ గోడకున్న థర్మామీటరు దించింది. గదిలో పదహారు డిగ్రీలు. దాన్ని నా బొంతలో చుట్టి పది నిమిషాలు బల్ల మీద ఉంచింది. విప్పి చూస్తే పదహారే. అంగుళం కాదు, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. గొట్టం పాతదైపోయినట్టుంది అన్నాను. అయితే మీ చేత్తో పట్టుకోండి అంది. కింద ఎర్రగా ఉండే బుడ్డిని పిడికిట్లో పట్టుకుని, పైన అదే బొంత కప్పాను. ఎర్ర గీత చీమ గోడ ఎక్కినట్టు ఎక్కింది. ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. పిల్లలు గొంతు కలిపి లెక్కపెట్టారు.

"వేడి మీది మామ్మగారూ," అంది టీచరమ్మ. "బొంత దాన్ని బయటికి పోనివ్వదు, అంతే. లోపల ఐసు ఉంటే బయటి వేడిని లోపలికి రానివ్వదు. పొరల మధ్య చిక్కిన గాలి చేసే పని అది."

నేను అక్కడే ఒక చిన్న కుర్చీలో కూలబడ్డాను. నలభై ఏళ్ళు. ఇందులో ఎంత వేడి ఉందో చూడండి అని గుమ్మం గుమ్మానికీ తిరిగి చెప్పిన నోరు ఇది. పెద్దాయన దీనికోసమే కాచుకున్నట్టు ముందుకి వంగాడు.

"అయితే చెల్లెమ్మా, ఇన్నాళ్ళూ మా వేడి మాకే అమ్మావన్నమాట."

"మీ మనవడి పెట్టెలో మా ఆయన జుట్టుంది అన్నయ్యగారూ. ముందు అది తిరిగివ్వండి."

పిల్లలకి ఏమర్థమైందో గానీ గది గదంతా నవ్వింది. బుగ్గలు కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పిచ్చుక నవ్వలేదు.

పందెం చెల్లదని, మర్నాడు శనివారం మళ్ళీ మొదటి నుంచి పెడదామని టీచరమ్మ తేల్చింది. ఆ రోజు మధ్యాహ్నం వరకే బడి, తర్వాత సెలవులు. హెడ్మాస్టరుగారు వచ్చి, చివరి గంట కొట్టాక ఒక్క నిమిషం కూడా గది తెరిచి ఉంచనని, తాళాలు వేసుకుని తాను కూడా ఊరికి పోవాలని చెప్పి వెళ్ళారు. ఆయన చేతిలో తాళాల గుత్తి ఎప్పుడూ గలగలలాడుతూ ఉంటుంది.

ఇంటికి వచ్చే దారంతా పిచ్చుక నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. ఇంట్లో సంగతి తెలిసి మా ఆయన, కోడలు నా వంక చూసిన చూపు నేను మరిచిపోను. నేనే ఆ ఇంట్లో చెయ్యి వేయనిదాన్ని కదా. మా ఆయన టీ కలుపుకుంటూ, రెండు బిళ్ళలు చాలా, అని అడిగాడు. మామూలుగా అయితే నన్నెప్పుడూ అడగడు.

సాయంత్రం దీపం పెట్టే వేళకి పిచ్చుక బొంత ముక్క, సూది, దారం తెచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సంచిలా కుట్టాలి. ఎలా కుట్టాలో చెప్పు. చెయ్యి మాత్రం పెట్టకు."

రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను. ఇంత కష్టమైన పని నేను జీవితంలో చేయలేదు. అది సూది తిరగేసి పట్టుకుంటే నా వేళ్ళు వెనకాల ఒకదాన్నొకటి పిసుక్కున్నాయి. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, పళ్ళూడిన నోరులా ఉన్నాయి. దారం గట్టిగా లాగు అన్నాను. లాగనంది. గట్టిగా లాగితే పొరలు అణిగిపోతాయట, గాలికి చోటుండదట.

నేను వాదించబోయాను. అంతలో ఒక సంగతి గుర్తొచ్చింది. చలికాలం ముందు జనం పాత బొంతలు తెచ్చి, ఇది చల్లబడిపోయిందమ్మా అంటారు. పడుకుని పడుకుని రొట్టెలా అణిగిపోయి ఉంటుంది. నేను విప్పి, దూది చేత్తో విడదీసి, పొంగించి మళ్ళీ కుడతాను. బరువు మారదు, గుడ్డ మారదు, కానీ పట్టుకెళ్ళినవాళ్ళు ఇప్పుడు వెచ్చగా ఉందంటారు. ఎన్ని వందల బొంతలని అలా పొంగించానో. అంటే నేను నింపింది గాలే. నా వేళ్ళకి తెలిసిన సంగతి నోటికి తెలియలేదు, అంతే తేడా. ఆ మాట పిచ్చుకతో అన్నాను. సూది ఆపి, అవునా, అంది. ఆ పూట నాతో అది కోపం లేకుండా మాట్లాడిన మొదటి మాట అదే. తర్వాత మధ్య పొరలోని దూదిని ఎలా విడదీయాలో అడిగింది. మాటలతోనే చెప్పాను. మాటలతో దూది విడదీయడం నావల్ల అవుతుందని నాకే తెలియదు.

శనివారం ఎనిమిదింటికే ఐసు పంచారు. నన్ను లోపలికి రానిచ్చారు కానీ బల్లకి దూరంగా, తలుపు పక్కన కుర్చీ వేశారు. పెద్దాయన నా పక్కనే కూర్చున్నాడు. కాపలాకట, ఎవరికి కాపలాయో వేరే చెప్పాలా. ఈసారి నిద్రపోలేదు.

పదకొండున్నరకి సాక్సులు పోయాయి. పన్నెండింటికి గడ్డి, దాని వెనకే కాగితాలు. ఒక్కో పెట్టె బుడబుడమన్నప్పుడల్లా ఒక మూల నుంచి నిట్టూర్పు. పన్నెండున్నరకి చివరి గంట కొట్టేసరికి రెండే మిగిలాయి. బుగ్గలు జుట్టు, పిచ్చుక బొంత. రెండూ టకటకమంటూనే ఉన్నాయి.

పిల్లలెవరూ ఇంటికి పోలేదు. తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దలు గేటు దగ్గర నిలబడి, తర్వాత వరండాలోకి వచ్చి, చివరికి కిటికీలకి వేలాడారు. మావాడు బస్సు దిగి యూనిఫాంతోనే వచ్చాడు. బయట ఎవరికో ఆకలిట, ఎవరికో రైలుందట, ఎవరో ఏంటండీ ఇది అంటే ఇంకొకరు ఐసు కరగాలండీ అన్నారు. ఈ చలిలో ఐసు కరగడానికి జనం కాచుకుని ఉండటం నేను చూడటం అదే మొదలు.

హెడ్మాస్టరుగారు తాళాలు గలగలలాడించుకుంటూ వచ్చారు. ఇద్దరికీ సమానంగా ఇచ్చేద్దామన్నారు. గొట్టం ఒకటే ఉంది సార్, అంది టీచరమ్మ. మూతలు తీసి ఏది పెద్దదో చూద్దామన్నారు. నియమం ఒప్పుకోదు సార్ అని బుగ్గలు అన్నాడు. వారమంతటికీ వాడు మాట్లాడిన ఒకే ఒక్క మాట, అది కూడా హెడ్మాస్టరుతో.

అప్పుడు హెడ్మాస్టరుగారు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, వంగి మరీ అడిగారు.

"పెద్దమ్మగారూ, మీకు అలవాటే కదా. అలా వెళ్తూ వెళ్తూ ఒక మూత కాస్త వారగా పెట్టండి. మీదే పెట్టండి, ఎవరూ ఏమనరు. నా బస్సు పోతుంది."

కిటికీలో నుంచి మావాడు కూడా కళ్ళతో సైగ చేస్తున్నాడు, కానిచ్చెయ్యమ్మా అని. నిన్న కాపలాకి వచ్చిన మేనత్త కూడా సైగ చేస్తోంది. పెద్దాయన మాత్రం నా చేతుల వైపే చూస్తున్నాడు. గది అవతల నుంచి పిచ్చుక కూడా చూస్తోంది. మాటలు దానికి వినబడే దూరం కాదు, కానీ దానికి అర్థమైంది.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద నా బరువంతా వేసి కూర్చున్నాను.

"నా చేతులు ఇవాళ రావు సార్," అన్నాను.

ఒంటిగంటకి టీచరమ్మ జుట్టు పెట్టె ఎత్తి ఆడించింది. బుడబుడ. బుగ్గలు తల ఊపి, తన పెట్టె తీసి తాతకిచ్చి, వచ్చి పిచ్చుక పక్కన నిలబడ్డాడు. టీచరమ్మ బొంత పెట్టె ఎత్తింది. లోపల ఎక్కడో, దూరంగా, సన్నగా, టక్.

జనం హమ్మయ్య అన్నారు. గెలిచింది కదా, ఇక పదండి, అని సంచులు ఎత్తారు. టీచరమ్మ గోడ మీది థర్మామీటరు దించి పిచ్చుక చేతిలో పెట్టింది. అది దాన్ని గుండెకి ఆనించుకుంది గానీ కదల్లేదు. పూర్తిగా ఎప్పుడు కరిగిందో కాగితం మీద రాయాలట. టైము రాయకపోతే లెక్క సగమేనట. బుగ్గలు అవునన్నట్టు పెన్సిల్ తీశాడు.

హెడ్మాస్టరుగారు నా వైపు చూశారు. నేను నా చేతుల మీద ఇంకొంచెం గట్టిగా కూర్చున్నాను. ఆయన ఓ క్షణం నిలబడి, వెళ్ళి మొదటి వరసలో పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు.

"ఇంకా ఎంతసేపు పడుతుందమ్మా?" అని అడిగారు, మా పిచ్చుకని.

గదిలో వాళ్ళు, వరండాలో వాళ్ళు, కిటికీకి వేలాడుతున్న మావాడు, అందరూ మాటలాపి దాని వైపు తిరిగారు. పిచ్చుక తొందరపడలేదు. థర్మామీటరుని వెలుతురువైపు తిప్పి, ఎర్ర గీత ఎక్కడుందో వంగి చూసింది.

"పదిహేడు డిగ్రీలుంది సార్. ఇంకో అరగంట," అంది.

హెడ్మాస్టరుగారు తాళాలు జేబులో వేసుకున్నారు.